హోమ్ ఆటోమేషన్ పని ఎవరికి ఇవ్వాలి? మూడు కొటేషన్లు, మూడు రకాల మాటలు

గుంటూరు_కొత్తిల్లు

అందరికీ నమస్కారం. గుంటూరులో అమ్మానాన్నల కోసం కిందా పైనా కలిపి ఇల్లు కడుతున్నాం. నేను బెంగళూరులో ఉద్యోగం, శని ఆదివారాలు వచ్చి చూసుకుంటున్నాను. శ్లాబులు అయిపోయాయి, గోడలు లేచాయి, ఎలక్ట్రీషియన్ గోడల్లో పైపులు వేస్తున్నాడు. ప్లాస్టరింగ్ మొదలయ్యేలోపు ఆటోమేషన్ సంగతి తేల్చమని మేస్త్రి రోజూ ఫోన్.

కావలసింది మరీ ఎక్కువేం కాదు. లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు, గీజర్లు, హాల్లో కర్టెన్లు, గేటు దగ్గర వీడియో డోర్‌ఫోన్. నాన్నకి మోకాళ్ల నొప్పులు. బోరు మోటారు, మెట్ల లైట్లు మంచం దగ్గర నుంచే ఆపగలిగితే ఆయనకి అదే పదివేలు.

వచ్చిన కొటేషన్లు ఇవీ. విజయవాడ వాళ్లు కేఎన్‌ఎక్స్ వైర్డ్ సిస్టమ్ అంటున్నారు, 8 లక్షల పైమాటే. హైదరాబాద్ కంపెనీ ఒకటి మామూలు స్విచ్చుల వెనక పెట్టే వైర్‌లెస్ మాడ్యూళ్లు అంటోంది, రెండున్నర లక్షలు, జీఎస్టీ అదనం. మా ఎలక్ట్రీషియన్ అయితే "ఆన్‌లైన్‌లో వైఫై స్విచ్చులు తెప్పించండి సార్, నేనే పెట్టేస్తా, 70 వేలలో అయిపోద్ది" అంటున్నాడు.

ఎవరి మాట నమ్మాలి? వీళ్లని ఏం అడిగితే పనితనం బయటపడుతుంది?

చవక_బేరం

మూడోది. మిగతా రెండూ డబ్బు దండగ.

వైరు_మామ

చవక_బేరం గారూ, అంత తేలిగ్గా తేల్చేయకండి.

నాది నెల్లూరు, కరెంటు కాంట్రాక్టు పనే నా వృత్తి. కొత్తిల్లు గారూ, ముందు ఒకటి విడదీసుకోండి. మీ ఇంట్లో ఉన్నవి రెండు పనులు. ఒకటి వైరింగ్, రెండోది ఆటోమేషన్. రెండూ ఒకడికే వచ్చి ఉండాలని రూలేం లేదు, చాలామందికి రెండూ రావు కూడా.

వైరింగ్ చేసేవాడికి రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చిన కాంట్రాక్టర్ లైసెన్సు ఉండాలి, అతని కింద పనిచేసేవాళ్లకి వైర్‌మన్ పర్మిట్ ఉండాలి. కొత్త సర్వీసు కోసం డిస్కంకి (కరెంటు పంపిణీ సంస్థకి) వెళ్లినప్పుడు లైసెన్సు ఉన్నవాడి సంతకం ఎలాగూ కావాలి. ఆ ఒక్క సంతకాన్ని ఎవరి దగ్గరో కొని, పని మాత్రం పర్మిట్ లేనివాడితో చేయించడం మన ఊళ్లలో మామూలే. మీరలా చేయకండి. లైసెన్సు కాపీ అడగండి, దాని మీద చెల్లుబాటు తేదీ చూడండి. ఆటోమేషన్‌కి మాత్రం విడిగా ప్రభుత్వ లైసెన్సు అంటూ లేదు. బోర్డు పెట్టుకున్న ప్రతివాడూ "స్మార్ట్ హోమ్ ఎక్స్‌పర్ట్" అయిపోవడం అందుకే.

ఇక ఎవరికి పనిచ్చినా ఇప్పుడే, గోడ తెరిచి ఉన్నప్పుడే చేయించాల్సినవి చెప్తాను. ప్రతి స్విచ్ బాక్సులోకీ న్యూట్రల్ వైరు రావాలి, స్మార్ట్ మాడ్యూల్ నడవడానికి అది కావాలి. సాకెట్ ఉన్న బాక్సులో అది ఎలాగూ ఉంటుంది. మంచం పక్క టూవే స్విచ్ (ఒకే లైటుని రెండు చోట్ల నుంచి వేసేది), మెట్ల దగ్గర స్విచ్ ఉంటాయి చూడండి, వాటిలో ఉండదు. మీ నాన్నగారికి ఎక్కువ అవసరమయ్యేవి సరిగ్గా ఆ రెండే. న్యూట్రల్ లేకుండా పనిచేసే మాడ్యూళ్లూ ఉన్నాయి కానీ, చిన్న ఎల్‌ఈడీ బల్బుకి అవి పెడితే ఆపేసినా సన్నగా మిణుకుమంటూనే ఉంటుంది.

బాక్సులు లోతువి తీసుకోమనండి. స్విచ్ వెనక మాడ్యూల్, దాని వెనక వైర్ల మడతలు, అన్నీ ఇరుకు బాక్సులో కుక్కితే వేడెక్కుతాయి. నెట్ కేబుల్‌కి, డోర్‌ఫోన్ కేబుల్‌కి కరెంటు పైపు వాడకుండా వేరే పైపు వేయించండి. ఇన్వర్టర్ మీద ఏవేవి నడవాలో ఇప్పుడే రాసివ్వండి. రౌటరు, ఆటోమేషన్ హబ్ (మాడ్యూళ్లన్నిటినీ కలిపి నడిపే పెట్టె) రెండూ ఇన్వర్టర్ లైన్ మీద లేకపోతే కరెంటు పోయినప్పుడు మీ స్మార్ట్ ఇల్లు మూగబోతుంది. డీబీలో, అంటే ఇంటి మెయిన్ కరెంటు బోర్డులో, 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (షాక్ కొట్టేలోపు కరెంటు ఆపేది) తప్పనిసరి, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. పెద్దవాళ్లు తడి చేతులతో ముట్టుకునే ఇల్లు అది.

ప్లాస్టరింగ్‌కి ముందు ప్రతి గోడనీ టేపు ఆనించి ఫొటో తీసుకోండి. రేపు ఏ మేకు కొట్టాలన్నా పనికొస్తాయి.

డాలస్_బావ

నేను డిసెంబర్‌లో వస్తున్నా అన్నా. ఇక్కడ జడ్‌వేవ్ అనే వైర్‌లెస్ పద్ధతి స్విచ్చులు బ్లాక్ ఫ్రైడేలో సగం ధరకి దొరుకుతాయి. ఓ పాతిక తెచ్చేయనా?

వైరు_మామ

బావగారూ, సూట్‌కేసులో ఆవకాయకి చోటుంచుకోండి, స్విచ్చులు వద్దు. అక్కడిది 120 వోల్టులు, ఇక్కడ 230. బాక్సు కొలతలూ వేరే.

రేడియో_పిచ్చోడు

ఇంకో చిక్కు కూడా ఉంది. జడ్‌వేవ్ అమెరికాలో 908 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, మన దేశంలో దానికి 865 బ్యాండ్. అక్కడి స్విచ్, ఇక్కడి హబ్ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. జిగ్‌బీ అనే ఇంకో వైర్‌లెస్ పద్ధతి అయితే అన్ని దేశాల్లోనూ 2.4 గిగాహెర్ట్జే, ఆ ఇబ్బంది లేదు. కానీ వోల్టేజీ గొడవ దానికీ ఉంది.

డాలస్_బావ

సరే, చాక్లెట్లే తెస్తా.

నిజాంపేట_అక్క

మూడేళ్లుగా ఆటోమేషన్ ఉన్న ఫ్లాటులో ఉంటున్నదాన్ని, నా గోడు వినండి.

పేరు చెప్పను, హైదరాబాద్ కాంట్రాక్టరే. డెమో గదిలో చేత్తో ఇలా అంటే లైట్లు వెలిగి, కర్టెన్లు తెరుచుకుని, సినిమా సెట్టింగులా ఉంది. ఇంట్లో గాజు టచ్ ప్యానెళ్లు పెట్టాడు. చూడ్డానికి బాగున్నాయి. చీకట్లో ఏ బటన్ ఏదో మా అత్తయ్యకి తెలిసేది కాదు. ఆవిడ బొట్టుబిళ్లల అట్ట తెచ్చి, ఫ్యాన్ బటన్ మీద పెద్ద ఎర్ర బిళ్ల, లైటు మీద చిన్న మెరూన్ బిళ్ల అంటించుకుంది. అప్పటినుంచి వేలితో తడిమి నొక్కుతుంది. సర్వీసుకొచ్చిన కుర్రాడు వాటిని గోటితో గీకి పడేసి, "ప్యానెల్ పాడవుద్దమ్మా" అని ఆవిడకే క్లాసు పీకాడు. సాయంత్రానికి మళ్లీ అంటించేసింది. ఇప్పటికీ ఉన్నాయి.

ఇక అసలు గొడవ. అర్ధరాత్రి కరెంటు పోయి వస్తే ఇంట్లో లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగేవి. పిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్లు. అది సెట్టింగేనట, కరెంటు తిరిగొచ్చాక స్విచ్ ఏ స్థితిలో ఉండాలో ముందే పెట్టొచ్చట. మార్చమని అడిగితే ఫోన్ ఎత్తడు. మేమే మార్చుకుందామంటే మా ఇంటి అకౌంటు అతని మెయిల్ ఐడీ మీద ఉంది! నా ఇంట్లో నేను గెస్ట్ యూజర్ని. వేరేవాడిని పిలిస్తే, అన్నీ రీసెట్ కొట్టి మొదటినుంచి చేయాలన్నాడు. చేయించుకున్నాం, మళ్లీ డబ్బులు.

కాబట్టి కొత్తిల్లు గారూ, ఏ కంపెనీ, ఏ బ్రాండ్ అన్నది తర్వాత. అకౌంటు మొదటిరోజునుంచీ మీ మెయిల్ మీద తెరవమనండి. దానికి నసిగేవాడికి దండం పెట్టి పంపించేయండి.

విశాఖ_ఇంటిగ్రేటర్

నేను ఈ వ్యాపారంలోనే ఉన్నాను, కేఎన్‌ఎక్స్ చేస్తాను. గుంటూరు దాకా రాను కాబట్టి నా మాటలో స్వలాభం వెతక్కండి.

కేఎన్‌ఎక్స్ మంచిది. 1990లో యూరప్‌లో ఈఐబీ పేరుతో మొదలైన పద్ధతి, ఇప్పుడు అంతర్జాతీయ ప్రమాణం. ఒక కంపెనీ స్విచ్‌కి ఇంకో కంపెనీ రిలే (కరెంటుని కలిపి, ఆపే పరికరం) కలుస్తుంది. ఇంటర్నెట్ లేకపోయినా, వైఫై చచ్చినా లైటు వెలుగుతుంది. కానీ మీ విషయంలో చిక్కేమిటంటే, అందులో మామూలుగా ప్రతి లైటు వైరూ నేరుగా మెయిన్ ప్యానెల్ దాకా వెళ్లాలి. స్విచ్చుల దగ్గరికి వెళ్లేది ఆకుపచ్చ బస్ కేబుల్ ఒక్కటే. మీ శ్లాబులో పైపులు స్విచ్ బోర్డు నుంచి లైటు పాయింటుకి వేసేసి ఉంటారు. ఇప్పుడు పద్ధతి మార్చాలంటే గోడలు కొట్టాలి, ఫాల్స్ సీలింగ్‌లో పైపులు తిప్పాలి. విజయవాడ వాళ్లు సైటుకి వచ్చి ఈ సంగతి చెప్పారా? ప్లాను చూసి మెయిల్లో రేటు పంపారా? మెయిల్లో పంపి ఉంటే ఆ 8 లక్షలు 8 దగ్గర ఆగవు.

కేఎన్‌ఎక్స్ వాడెవడైనా సరే, పార్ట్‌నర్ సర్టిఫికెట్ చూపించమనండి. కేఎన్‌ఎక్స్ అసోసియేషన్ సైటులో పేరు వెతికి సరిచూసుకోవచ్చు. ఇంకోటి, ఈటీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో మీ ఇంటి ప్రోగ్రామంతా ఒక ప్రాజెక్టు ఫైలుగా ఉంటుంది. పని పూర్తయ్యాక ఆ ఫైలు పాస్‌వర్డ్‌తో సహా మీ చేతికి రావాలి. అది లేకపోతే రేపు ఒక్క బటన్ పని మార్చాలన్నా వచ్చినవాడు దాదాపు మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే. మా వాళ్లలోనే కొందరు ఆ ఫైలు ఇవ్వరు. కస్టమర్ చేజారకుండా ఉండటానికి, అంతకంటే ఏం లేదు.

ఓపెన్‌సోర్స్_తమ్ముడు

ఇవన్నీ ఎందుకండీ. హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. ఉచితం, ఓపెన్ సోర్స్, అంతా ఇంట్లోనే నడుస్తుంది, ఎవడి క్లౌడూ, అంటే బయటి కంపెనీ సర్వరూ అక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోతే వాళ్ల యాప్ మీద ఆధారపడ్డ ఇళ్ల గతి ఏమైందో చదవండి. దాన్ని ఆ తర్వాత పాత వాడకందార్లే కొనుక్కుని నిలబెట్టాల్సి వచ్చింది. కాంట్రాక్టరే అక్కర్లేదు, ఓ వారాంతం కూర్చుంటే అయిపోతుంది.

నిజాంపేట_అక్క

తమ్ముడూ, ఆయన బెంగళూరులో ఉంటాడు, వాడేది గుంటూరులో 70 ఏళ్ల పెద్దాయన. అర్ధరాత్రి అప్‌డేట్ వచ్చి ఏదో ఆగిపోతే ఎవరు చూస్తారు, నువ్వు వెళ్తావా?

ఓపెన్‌సోర్స్_తమ్ముడు

రిమోట్‌లో చూసుకోవచ్చక్కా. అయినా మీరన్నది నిజమే, పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంటికి నేనైనా ఎవరో ఒకరు ఊళ్లో ఉన్నవాళ్లకే ఇస్తాను. కానీ క్లౌడ్ సంగతి మాత్రం వదలొద్దు. డెమో చూపిస్తున్నప్పుడు రౌటరు నుంచి నెట్ వైరు పీకేయమనండి. అప్పుడు కూడా యాప్‌లోంచి, గోడ స్విచ్‌లోంచి లైటు వెలిగితేనే మాట్లాడండి. 2022 చివర్లో వచ్చిన మ్యాటర్ ప్రమాణంతో పనిచేసే పరికరాలైతే ఇంకా మంచిది, రేపు యాప్ మార్చుకున్నా పరికరాలు మార్చక్కర్లేదు.

విశ్రాంత_ఏఈ

కరెంటు డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఎవరూ లోడు గురించి మాట్లాడటం లేదు.

2 కిలోవాట్ల గీజరు సుమారు 9 ఆంపులు లాగుతుంది, 3 కిలోవాట్లదైతే 13. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న మాడ్యూళ్ల రిలేలు చాలావరకు దీపాల లోడుకి మాత్రమే సరిపోయేవి. వాటిని గీజరుకి పెడితే కొన్నాళ్లు నడిచి రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. యాప్‌లో ఆఫ్ అని చూపిస్తుంది, గీజరు మాత్రం కాగుతూనే ఉంటుంది. బోరు మోటారు మరీ ప్రమాదం, స్టార్టయ్యేటప్పుడు మామూలు కరెంటుకి కొన్ని రెట్లు లాగుతుంది. దానికి ఉన్న స్టార్టర్ ప్యానెల్ అలాగే ఉంచి, స్మార్ట్ రిలేతో అందులోని కాంటాక్టర్ (పెద్ద లోడుని కలిపి, ఆపే స్విచ్) కాయిల్‌ని మాత్రమే నడిపించాలి. మోటారు మీ నాన్నగారి ముఖ్యమైన కోరిక అన్నారు కాబట్టి మీ ఎలక్ట్రీషియన్ని "మోటారుని ఎలా కలుపుతావు?" అని ఒక్క ప్రశ్న అడగండి. "కాంటాక్టర్" అనే మాట అతని నోట రాకపోతే ఆ పని అతనికి ఇవ్వకండి.

గుంటూరు_కొత్తిల్లు

చాలా థాంక్స్ అందరికీ. ఇన్ని విషయాలు ఒక్కరోజులో తెలుస్తాయనుకోలేదు. ఇంకో సందేహం. కరెంటు బిల్లు కలిసొస్తుందని ఇంటికి బీఎల్‌డీసీ ఫ్యాన్లు కొనేశాం, పెట్టెల్లోనే ఉన్నాయి. హైదరాబాద్ కొటేషన్‌లో ప్రతి గదికీ "స్మార్ట్ ఫ్యాన్ రెగ్యులేటర్ మాడ్యూల్" అని ఉంది. సరిపోతుందా?

వైరు_మామ

అబ్బ, మంచి ప్రశ్న దొరికింది మీకు! సరిపోదు. బీఎల్‌డీసీ ఫ్యానులో స్పీడు మార్చే సర్క్యూట్ ఫ్యాన్ లోపలే ఉంటుంది, దానికి పూర్తి కరెంటు నికరంగా అందాలి. బయట రెగ్యులేటర్ పెట్టి తగ్గిస్తే ఫ్యాన్ సరిగ్గా తిరగదు, లోపలి బోర్డు పాడయ్యే ప్రమాదమూ ఉంది. ఆన్, ఆఫ్‌కి రిలే పెట్టుకుని, స్పీడు కోసం దాని రిమోట్ సిగ్నల్‌ని అనుకరించే ఐఆర్ పరికరం గదిలో పెట్టుకోవాలి. ఫ్యాన్ రిమోట్ ఆర్‌ఎఫ్‌ది (రేడియో సిగ్నల్‌తో పనిచేసేది) అయితే ఐఆర్ పనికిరాదు, చూసుకోండి. ఫ్యాన్‌కే వైఫై ఉంటే నేరుగా కలుపుకోవచ్చు.

ఇప్పుడు మీరు ఒక పని చేయండి. మా జవాబు చెప్పకుండా ముగ్గురినీ ఇదే అడగండి. పనివాడెవడో, అమ్మేవాడెవడో తేలిపోతుంది.

గుంటూరు_కొత్తిల్లు

అడిగాను. మామా, మీకో దండం.

మా ఎలక్ట్రీషియన్: "ఏ ఫ్యానైనా ఫ్యానే కదా సార్, పెట్టేస్తే సరి." మోటారు గురించి కూడా అడిగాను, ఏఈ గారి మాట రాలేదు.

విజయవాడ వాళ్లు: ఫ్యాన్లు వెనక్కిచ్చి మామూలువి కొనమన్నారు. శ్లాబు పైపుల గురించి అడిగితే "సైటుకొచ్చాక చూద్దాం" అన్నారు. విశాఖ గారు ఊహించినట్టే ప్లాను మాత్రమే చూశారు.

హైదరాబాద్ కంపెనీ సేల్స్ అబ్బాయి "అన్ని ఫ్యాన్లకీ సూట్ అవుతుంది సార్" అని గట్టిగా చెప్పాడు. టెక్నికల్ వాళ్లతో మాట్లాడించమన్నాను. ఒకాయన ఫోన్ చేసి ఫ్యాన్ మోడల్ అడిగి, రిమోట్ ఫొటో పంపమని, చూశాక "రెగ్యులేటర్లు తీసేస్తున్నాం, రిలే, ఐఆర్ పెడతాం, కొటేషన్ తగ్గుతుంది" అన్నాడు. తగ్గుతుంది అన్నాడండీ! మోటారు అడిగితే ఆయనే కాంటాక్టర్ మాటెత్తాడు.

విశాఖ_ఇంటిగ్రేటర్

ఆ టెక్నికల్ ఆయన్ని పట్టుకోండి. సైటుకి ఆయనే వస్తాడా, సబ్‌కాంట్రాక్టుకి ఇస్తారా అన్నది కొటేషన్‌లో రాయించండి. పెద్ద ఊరి కంపెనీలు చిన్న ఊళ్లలో పని ఎవరో ఒకరికి అప్పజెప్పేస్తాయి. అలాగే గుంటూరు చుట్టుపక్కల వాళ్లు ఏడాది క్రితం పూర్తిచేసిన ఇల్లు ఒకటి చూపించమనండి. నెల క్రితందైతే అన్నీ పనిచేస్తుంటాయి, దాన్ని చూసి లాభం లేదు.

నిజాంపేట_అక్క

ఆ ఇంటికి వెళ్తే మగవాళ్లతోనే మాట్లాడి వచ్చేయకండి. వంటింట్లో ఉండేవాళ్లని అడగండి, ఏవి వాడుతున్నారు, ఏవి వాడటం మానేశారు అని.

చవక_బేరం

డబ్బు ఎలా ఇవ్వాలో కూడా చెప్పండి. మా తోడల్లుడు 80 శాతం ముందే ఇచ్చి ఇరుక్కున్నాడు.

వైరు_మామ

పని మెట్టుమెట్టుకీ ఇవ్వాలి. అడ్వాన్సు కొంత, సరుకు ఇంటికి చేరాక కొంత, బిగించి నడిపించాక ఎక్కువ భాగం. చివరి పది, పదిహేను శాతం అకౌంట్లు, పాస్‌వర్డులు, వైరింగ్ డ్రాయింగులు అప్పజెప్పి, మీరు కొన్నాళ్లు వాడి చూశాకే. సరుకు వచ్చినప్పుడు పెట్టెల మీద సీరియల్ నంబర్లు బిల్లులో ఉన్నాయో లేదో చూడండి, వారంటీ వాటిమీదే నడుస్తుంది. బిల్లు లేకుండా 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఆశ చూపిస్తారు. బిల్లు లేకపోతే రేపు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లినా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా మీ చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు.

గృహప్రవేశం రోజుకి అప్పగించాలని గడువు పెట్టకండి. ఆషాఢం వెళ్లి శ్రావణం రాగానే వీళ్లందరికీ ఒకేసారి ముహూర్తాలు మీదపడతాయి, సగం సగం చేసి పరిగెత్తుతారు. కనీసం రెండు వారాల ముందు తేదీ రాయించండి.

గుంటూరు_కొత్తిల్లు

అప్‌డేట్. శనివారం అమ్మని వెంటబెట్టుకుని తెనాలిలో ఆ కంపెనీ చేసిన ఇల్లు చూసొచ్చాం. అక్క చెప్పినట్టు ఆ ఇంటావిడతో అమ్మే మాట్లాడింది. లైట్లు, గీజరు టైమరు, మోటారు రోజూ వాడుతున్నారట. కర్టెన్లు మొదటి నెల సరదాకి వాడి ఇప్పుడు చేత్తోనే లాగుతున్నారట. వాయిస్‌తో చెప్పడం మనవడు వచ్చినప్పుడే. ఇంటికొచ్చి కర్టెన్ మోటార్లు కొటేషన్‌లోంచి తీయించేశాం, పైపు, పాయింటు మాత్రం ఉంచుతున్నాం.

ఆటోమేషన్ హైదరాబాద్ వాళ్లకే ఇస్తున్నాను. గాజు ప్యానెళ్లు వద్దన్నాం, మామూలు స్విచ్చులే, వెనక మాడ్యూళ్లు. నెట్ వైరు పీకించి చూశాను, తెనాలి ఇంట్లో స్విచ్చులూ యాప్ రెండూ పనిచేశాయి. అకౌంటు నా మెయిల్ మీద అంటే వెంటనే ఒప్పుకున్నారు. టెక్నికల్ ఆయన పేరు రాయమంటే మాత్రం కాస్త గునిశారు. చివరికి "అర్హుడైన మా సొంత సిబ్బంది, సబ్‌కాంట్రాక్ట్ లేదు" అని రాశారు. దాంతో సరిపెట్టుకున్నాను.

వైరింగ్ మా ఎలక్ట్రీషియన్ చేతే, కానీ లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ ఒకాయన పైన ఉండి చూస్తున్నాడు. టూవే బాక్సులన్నిటికీ న్యూట్రల్ లాగుతున్నారు. మా వాడు మొదట ముఖం మాడ్చుకున్నాడు గానీ, మోటారు కాంటాక్టర్ కనెక్షన్ ఆయన దగ్గర నేర్చుకుంటున్నాడు.

విశ్రాంత_ఏఈ

మంచిది. డీబీలో సర్జ్ ప్రొటెక్షన్ పెట్టిస్తున్నారా? పిడుగులు పడే కాలంలో ఈ మాడ్యూళ్లే ముందు పోతాయి.

గుంటూరు_కొత్తిల్లు

కొటేషన్‌లో లేదు సార్. కాంట్రాక్టర్ గారికి ఇప్పుడే చెప్పాను. డీబీ ఇంకా గోడలో బిగించలేదు, ఇంకాస్త పెద్దది తెప్పిస్తానన్నారు.

డాలస్_బావ

వీడియో డోర్‌ఫోన్ ఎవరు పెడుతున్నారు మరి?

గుంటూరు_కొత్తిల్లు

వాళ్లే బావా. గేటు దాకా నెట్ కేబుల్‌కి వేరే పైపు నిన్ననే వేశారు. ప్లాస్టరింగ్ సోమవారం, ఫొటోలు తీయడానికి నాన్న టేపు పట్టుకుని రెడీగా ఉన్నారు.